తాళం వేశాం, గొళ్ళెం మరిచాం

గోడలకు చెవులుంటాయని మన పెద్దవాళ్ళు అంటుంటారు. ముఖ్యమైన మాటైతే గొంతు తగ్గించి, తలుపు దగ్గరికి వేసి చెప్పుకునేవారు. ఇప్పుడు మన మాటల్లో సగం ఫోన్లోనే నడుస్తున్నాయి. అక్కడ మూసుకోవడానికి తలుపు లేదు. తలుపు చేయవలసిన పనిని ఒక తాళం చేస్తోంది. దాని పేరు ఎండ్‌ టు ఎండ్‌ ఎన్‌క్రిప్షన్‌. నేరస్థులను పట్టుకోవడానికి ఆ తాళం అడ్డు వస్తోందని ప్రభుత్వం అంటోంది. దాన్ని కొంచెం వదులు చేసినా కోట్లమంది మాటలు బయటపడతాయని వాట్సాప్‌ కంపెనీ అంటోంది. ఈ వాదన 2021లో ఢిల్లీ హైకోర్టుకు చేరింది.

ఇది పెద్దల వ్యవహారం, మనకెందుకు అని ఈ పేజీ తిప్పేయకండి. మిగతా పిల్లలకంటే మనకే ఇది ఎక్కువ అవసరం. ఒకే ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలకు స్నేహితుడి ఇల్లు పక్క వీధిలో ఉంటుంది. మాట్లాడాలంటే వెళ్ళి తలుపు తడతారు. మనం రాజమండ్రి ఓ.ఎన్‌.జి.సి. కాలనీ నుంచి హజీరాకు, రామగుండం ఎన్‌.టి.పి.సి. టౌన్‌షిప్‌ నుంచి కవాస్‌కు, ఎక్కడెక్కడి నుంచో సూరత్‌కు వచ్చినవాళ్ళం. టి.సి. చేతికి వచ్చిన రోజున స్నేహితులందరూ ఫోన్లోకి మారిపోతారు. తాతయ్య ఆపరేషన్‌ వివరాలు, అమ్మానాన్నలకు రాబోయే బదిలీ మీద బెంగ, పాత స్కూల్‌ గ్రూపులోని పోట్లాటలు, ఎవరికీ చెప్పుకోలేని ఏడుపు అన్నీ అందులోనే. నవజీవన్‌ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌కో విజయవాడకో సంవత్సరానికి ఒకసారి వెళ్తాం. మిగతా రోజులన్నీ మన ఊరు మన ఫోన్లోనే ఉంటుంది. కాబట్టి ఆ తాళం సంగతి మనం తెలుసుకోవాలి, మన అభిప్రాయం మనం చెప్పాలి.

ఇంకో కారణం కూడా ఉంది. మనలో కొందరి అమ్మానాన్నలు సి.ఐ.ఎస్‌.ఎఫ్‌.లో, కస్టమ్స్‌లో, ఆదాయపు పన్ను శాఖలో పనిచేస్తున్నారు. నేరాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఆ ఇళ్ళలోని పిల్లలకు తెలుసు. అందుకే ఈ వ్యాసంలో పోలీసులను తిట్టాలని మేము అనుకోవడం లేదు. రెండు పక్షాలనూ విని, మాకు తోచింది చెబుతాం.

తాళం ఎలా పనిచేస్తుంది?

మహీధర్‌పురా వజ్రాల బజారు వైపు వెళ్ళినవాళ్ళు అక్కడి వ్యాపారులు వజ్రాలను కాగితపు పొట్లాల్లో మడిచి చేతులు మార్చుకోవడం చూసే ఉంటారు. సూరత్‌ నుంచి ముంబయికి సరుకు పంపాలంటే అంగడియాలు ఉన్నారు. అంగడియా సీలు వేసిన పొట్లాన్ని తీసుకువెళ్ళి అవతలి వ్యాపారికి అందిస్తాడు. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇవ్వాలి అన్నది మాత్రమే అతనికి కావాలి. లోపల ఏముందో విప్పి చూడడు. ఆ నమ్మకం మీదే ఈ ఊరి వ్యాపారం తరతరాలుగా నడుస్తోంది.

ఎండ్‌ టు ఎండ్‌ ఎన్‌క్రిప్షన్‌ కూడా ఇలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ నమ్మకానికి బదులు గణితం ఉంది. మీరు నాకు ఒక పెట్టె పంపాలనుకోండి. నేను ముందే నా తాళంకప్పలను, తెరిచి ఉన్నవాటిని, అందరికీ పంచిపెడతాను. తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉంటుంది. మీరు పెట్టెలో వస్తువు పెట్టి నా తాళంకప్ప నొక్కేస్తే చాలు. ఆ తర్వాత దాన్ని మీరు కూడా తెరవలేరు. మోసుకొచ్చేవాడూ తెరవలేడు. నేనే తెరవాలి. 1976లో డిఫీ, హెల్మన్‌ అనే ఇద్దరు అమెరికా గణితవేత్తలు ప్రచురించిన ఆలోచన నుంచి ఈ పద్ధతులు పెరిగాయి. 2016 ఏప్రిల్‌ నుంచి వాట్సాప్‌లో ప్రతి సందేశానికీ, ప్రతి కాల్‌కూ ఇలాంటి తాళం పడుతోంది. ఒక స్నేహితుడి పేరు మీద నొక్కి ఎన్‌క్రిప్షన్‌ అన్న చోట చూస్తే 60 అంకెల సంఖ్య కనబడుతుంది. అదే సంఖ్య అవతలి ఫోన్లోనూ కనబడితే మధ్యలో ఎవరూ లేరని అర్థం.

కంపెనీ దగ్గరే తాళంచెవి లేనప్పుడు పోలీసులు వచ్చి అడిగినా అది ఇవ్వలేదు. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలు కొంతవరకు ఇవ్వగలదు. ఏం మాట్లాడారో చెప్పలేదు. గొడవంతా ఇక్కడే మొదలైంది.

ప్రభుత్వం ఎందుకు అడుగుతోంది?

ప్రభుత్వం ఊరికే అడగడం లేదు. 2018 జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామంలో అయిదుగురిని గుంపు కొట్టి చంపింది. వాళ్ళు ఊరూరా తిరిగి భిక్ష అడుక్కునే సంచార కులంవాళ్ళు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు జనాన్ని అప్పటికే భయపెట్టి ఉన్నాయి. ధూలే మనకు దూరం కాదు, సూరత్‌ నుంచి హైవే మీద వెళ్తే తగిలే ఊరు. దానికి కొద్ది రోజుల ముందే అహ్మదాబాద్‌ వాడజ్‌ ప్రాంతంలో భిక్షాటనకు వచ్చిన ఒక స్త్రీ ఇదే పుకారుకు బలైంది. ఆ మే నెలలో హైదరాబాదు పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్‌ మహిళను ఇదే అనుమానంతో చంపేశారు. ఈ పుకారు మొదట ఎవరు పుట్టించారు? తెలుసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది.

అలా వచ్చిందే 2021 ఫిబ్రవరి 25 నాటి ఐ.టి. నియమావళి. దేశంలో 50 లక్షలకు మించి వినియోగదారులున్న మెసేజింగ్‌ సంస్థలు, ఒక సందేశాన్ని మొట్టమొదట పంపినవాడెవరో చెప్పగలిగేలా ఏర్పాటు చేసుకోవాలని అందులో ఉంది. ప్రభుత్వం వైపు న్యాయంగా చెప్పాలంటే ఇది ఎవరు పడితే వారు అడిగేది కాదు. కోర్టు ఉత్తర్వు గానీ, అధికారం ఉన్న అధికారి ఉత్తర్వు గానీ ఉండాలి. దేశ భద్రత, శాంతిభద్రతలు, అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాలు వంటి తీవ్రమైన వాటికే వర్తిస్తుంది. వేరే తేలిక మార్గం ఉంటే దీన్ని వాడకూడదు. సందేశంలో ఏముందో కంపెనీ చెప్పనక్కరలేదని కూడా రాశారు. చదివితే ఇందులో తప్పేముంది అనిపిస్తుంది.

వాట్సాప్‌ ఆ సంవత్సరం మే నెలలో ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. 2024 ఏప్రిల్‌లో జరిగిన విచారణలో, ఎన్‌క్రిప్షన్‌ను విరగ్గొట్టమంటే తాము దేశం నుంచి వెళ్ళిపోవలసి వస్తుందని ఆ కంపెనీ న్యాయవాది చెప్పారు. కంపెనీ మాటను మేము దేవుడి మాటలా తీసుకోవడం లేదు. వాళ్ళకు వాళ్ళ వ్యాపారం ఉంది. కానీ లెక్కల క్లాసులో ఎవరు చెప్పారన్నది చూడం, లెక్క సరిపోయిందా లేదా అని చూస్తాం. ఇక్కడా అలాగే చూద్దాం.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

రేపు ఏ సందేశం నేరానికి దారితీస్తుందో ఈరోజు ఎవరికీ తెలియదు. కాబట్టి రేపు పోలీసులు అడిగినప్పుడు చెప్పాలంటే, ఈరోజు అందరి సందేశాల మీదా ఒక గుర్తు వేసి దాచిపెట్టాలి. 2021లో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారమే మన దేశంలో వాట్సాప్‌ వాడేవాళ్ళు 53 కోట్లు. నేరం చేసేవాళ్ళు అందులో ఎంత మంది? వాళ్ళ కోసం మిగతా కోట్లాది మంది గుడ్‌ మార్నింగ్‌లకూ, పెళ్ళి కబుర్లకూ, రహస్యాలకూ గుర్తులు వేయాలి. అంగడియా పొట్లాన్ని విప్పకపోయినా, ప్రతి పొట్లం లోపలి వజ్రాల ముద్ర తీసి దాచుకోవలసిందే అన్నట్టు ఉంటుంది.

సరే, అంత చేసినా దొంగ దొరుకుతాడా? సందేశంలో ఒక అక్షరం మార్చినా, ఒక చుక్క చేర్చినా ముద్ర మారిపోతుంది. పుకారు పుట్టించినవాడికి ఈ మాత్రం తెలివి ఉండదా? ఇంకొకటి ఉంది. మొదటి పంపకందారు విదేశంలో ఉంటే, భారతదేశంలో దాన్ని మొదట పంపినవాడినే మొదటివాడిగా లెక్కించాలని నియమంలో ఉంది. ఎక్కడో పుట్టిన అబద్ధపు వీడియోను భయపడి, మన మంచి కోరి, మొదట పంపిన ఏ అమ్మమ్మో మన దేశానికి మూలపురుషురాలు అవుతుంది. పుకారు పుట్టించినవాడు మాత్రం హాయిగా ఉంటాడు.

తాళానికి ఇంకో చెవి చేసి పోలీసుల దగ్గర మాత్రమే ఉంచవచ్చు కదా అని కొందరు అడుగుతారు. సూట్‌కేసు తాళాల కథ చూడండి. అమెరికా విమానాశ్రయాల్లో భద్రతా సిబ్బంది తనిఖీ చేసుకోవడానికి వీలుగా, ఒకే మాస్టర్‌ తాళంచెవితో తెరుచుకునే తాళాలు తయారు చేశారు. 2014లో ఆ తాళంచెవుల ఫోటో ఒక పత్రికలో వచ్చింది. 2015కల్లా దాన్ని చూసి ఎవరో కొలతలు తీశారు. ఇంట్లో 3డి ప్రింటర్‌ ఉన్న ఎవరైనా ఆ చెవిని తయారు చేసుకోగలిగే పరిస్థితి వచ్చింది. బదిలీ అయిన ప్రతిసారీ పెట్టెలకు తాళాలు వేసి పంపే మనలాంటివాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది. అందరి పెట్టెలకూ సరిపోయే చెవి ఒకటి ఉందంటే, దొంగలు పెట్టెల జోలికి పోరు. ఆ ఒక్క చెవి కోసం వెతుకుతారు.

పెద్ద ఉదాహరణ కూడా ఉంది. పోలీసులు కోర్టు అనుమతితో ఫోన్లు వినగలిగేలా టెలిఫోన్‌ కంపెనీలు తమ వ్యవస్థలో ఏర్పాటు చేసుకోవాలని అమెరికా 1994లో చట్టం చేసింది. 2024లో చైనాకు చెందిన హ్యాకర్లు అక్కడి టెలిఫోన్‌ కంపెనీల్లోకి చొరబడి, పోలీసుల కోసం పెట్టిన ఆ వ్యవస్థల దాకా చేరుకున్నారని బయటపడింది. ఆ డిసెంబరులో అమెరికా ప్రభుత్వ అధికారులే తమ ప్రజలకు ఎన్‌క్రిప్షన్‌ ఉన్న యాప్‌లు వాడండి అని సలహా ఇచ్చారు. మంచివాళ్ళ కోసం తీసిన దారిలో చెడ్డవాళ్ళు నడిచారు.

సూరత్‌వాళ్ళకు అందరినీ ఒకే గాటన కట్టే పరిష్కారం ఎలా ఉంటుందో అనుభవమే. 2015 ఆగస్టులో పాటీదార్‌ రిజర్వేషన్‌ ఉద్యమం హింసగా మారినప్పుడు గుజరాత్‌లో మొబైల్‌ ఇంటర్నెట్‌ ఆపేశారు. సూరత్‌లోనూ రోజుల తరబడి రాలేదు. రాళ్ళు వేసినవాళ్ళకూ, రాళ్ళకు భయపడి ఇంట్లో కూర్చున్నవాళ్ళకూ ఒకే శిక్ష పడింది. శాంతిభద్రతల కోసం అవసరమైందని ప్రభుత్వం చెప్పింది. గుజరాత్‌ హైకోర్టు కూడా ఆ ఉత్తర్వును తప్పుపట్టలేదు. అయినా ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా అన్న సామెత అప్పుడు చాలామందికి గుర్తుకొచ్చి ఉంటుంది.

మరి గొళ్ళెం?

ఇక్కడిదాకా తాళం గురించి చెప్పాం. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అని మనకో సామెత ఉంది. గొళ్ళెం పెట్టకుండా ఎంత గట్టి తాళం వేసినా ఏం లాభం? మా ఉద్దేశంలో మన దేశంలో సరిగ్గా ఇదే జరుగుతోంది. కోర్టుల్లో వాదన అంతా తాళం మీద నడుస్తుంటే, గొళ్ళెం వేలాడుతూ ఉంది.

2021 అక్టోబరులో హైదరాబాదులో గంజాయి మీద పోలీసులు దాడులు ముమ్మరం చేశారు. మంచి పనే. కానీ ఆ సందర్భంలో రోడ్డు మీద బండ్లు ఆపి, కుర్రవాళ్ళ ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట వెతికి చూస్తున్న వీడియోలు బయటకు వచ్చాయి. ఎవరినీ బలవంతం చేయలేదని, జనమే సహకరిస్తున్నారని పోలీసు అధికారులు అన్నారు. లాఠీ పట్టుకుని నిలబడ్డ మనిషి ఫోన్‌ ఇమ్మంటే ఇవ్వననే కుర్రవాడు ఎవడుంటాడు? దాన్ని సహకారం అనవచ్చా? ప్రపంచంలోని గొప్ప గణితమంతా ఆ ఫోన్లో ఉన్నా ఆ నిమిషంలో పనికిరాలేదు. ఎందుకంటే తాళం తీసి ఇవ్వమని అడిగింది యజమానినే.

ఇంకొక కేసు కూడా తెలంగాణదే. మావోయిస్టుల మీద నిఘా కోసం ఏర్పాటైన పోలీసు విభాగాన్ని వాడుకుని రాజకీయ నాయకుల, ఇతరుల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్‌ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణలు వచ్చాయి. 2024 మార్చిలో పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఎవరు దోషులో తేల్చవలసింది కోర్టు, మనం కాదు. కానీ ఒకటి మాత్రం అర్థమవుతుంది. ఫోన్లు వినడానికి మన దేశంలో నియమాలు లేక కాదు. 1996లోనే సుప్రీంకోర్టు ఫోన్‌ ట్యాపింగ్‌కు హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, దానికి గడువు ఉండాలి, ఆ ఉత్తర్వు సరైనదేనా అని ఒక కమిటీ చూడాలి అంది. కాగితం మీద గొళ్ళెం ఉంది. దాన్ని పెట్టారా లేదా అని చూసేవాళ్ళు ఎవరు అన్నదే ప్రశ్న. ఒక విభాగం దగ్గర ఉన్న చిన్న చెవి మీదే ఇన్ని ఆరోపణలు వస్తే, 53 కోట్ల మంది తాళాలకు చెవి ఒకటి తయారైతే దానికి కాపలా ఎవరు?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. ఆ కేసు వేసిన జస్టిస్‌ కె.ఎస్‌. పుట్టస్వామి రిటైరైన హైకోర్టు న్యాయమూర్తి. గోప్యతలో ప్రభుత్వం ఎప్పటికీ జోక్యం చేసుకోకూడదని ఆ తీర్పు అనలేదు. చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, జోక్యం ఆ అవసరానికి తగినంతే ఉండాలి అంది. ఈ మూడూ మనం స్కూల్లో కూడా చూస్తాం. ఒకరి పెన్ను పోయి, ఫలానా సంచిలో ఉందని గట్టి అనుమానం ఉంటే టీచర్‌గారు ఆ పిల్లవాడిని పిలిచి ఆ సంచి చూస్తారు. ఎవరూ తప్పనరు. పెన్నులు పోతున్నాయి కనుక ఇకమీదట పిల్లలందరూ తాళం పడని సంచులే తేవాలి అంటే మాత్రం, పెన్నులు ఇంకా ఎక్కువ పోతాయి.

పోలీసుల చేతులు కట్టేస్తున్నామా?

ఇంతా చెప్పి నేరస్థులను వదిలేయమంటారా అని అడగవచ్చు. ముందు ఒక నష్టాన్ని దాచకుండా ఒప్పుకోవాలి. ఇద్దరు నేరస్థులు తమలో తాము మాట్లాడుకుంటుంటే, ఇద్దరిలో ఎవరూ ఫిర్యాదు చేయరు. పిల్లల మీద అఘాయిత్యాల చిత్రాలు పంచుకునేవాళ్ళు ఇలాంటివాళ్ళే. అక్కడ తాళం పోలీసులను నిజంగానే ఆలస్యం చేస్తుంది. దీన్ని చిన్నమాటగా తీసేయలేం. మన వయసు పిల్లలే ఆ నేరాలకు బలవుతారు.

కానీ చాలా నేరాల్లో చాట్‌కు ఒక చివర నేరస్థుడుంటే రెండో చివర బాధితుడు ఉంటాడు. తాళంచెవి బాధితుడి దగ్గర కూడా ఉంది. సీబీఐ అధికారినని వీడియో కాల్‌ చేసి, మిమ్మల్ని డిజిటల్‌ అరెస్ట్‌ చేశామని ముసలివాళ్ళను బెదిరించి డబ్బు గుంజేవాళ్ళ సంగతి మనందరం విన్నాం. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్‌ కీ బాత్‌లో కూడా చెప్పారు, చట్టంలో అలాంటి అరెస్టే లేదని. అక్కడ ఎన్‌క్రిప్షన్‌ విరగ్గొట్టే పనేముంది? మోసపోయిన తాతగారి ఫోన్లో ఆ నంబరు, ఆ సందేశాలు, డబ్బు వెళ్ళిన ఖాతా అన్నీ ఉన్నాయి. ఆయన వెంటనే 1930కి ఫోన్‌ చేస్తే పోలీసులకు కావలసిన చివర దొరుకుతుంది. గ్రూపులో 60 మంది ఉంటే 60 చివరలు ఉన్నట్టు. అందులో ఒక్కరికి మనస్సాక్షి ఉన్నా చాలు.

బాధితుడు లేని చోట కూడా, అనుమానం ఉన్న ఒక మనిషి ఫోన్‌ను కోర్టు కాగితంతో స్వాధీనం చేసుకునే దారి ఉంది. సోదాలను, స్వాధీనాలను వీడియో తీయాలని 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్‌ సురక్షా సంహిత చెబుతోంది. 2020లో ఫ్రాన్స్‌, నెదర్లాండ్స్‌ పోలీసులు నేరస్థులు ఎక్కువగా వాడే ఎన్‌క్రోచాట్‌ అనే ఫోన్‌ వ్యవస్థలోకి చొచ్చుకెళ్ళి వందలాది మందిని పట్టించారు. ఊరందరి తాళాలూ మార్చమని వాళ్ళు అడగలేదు. అనుమానం ఉన్న చోటికి వెళ్ళారు. ఇవన్నీ కష్టమైన పనులే. అందుకు మన పోలీసులకు ఇంకా ఎక్కువ మంది సైబర్‌ సిబ్బంది, ఇంకా మంచి ప్రయోగశాలలు, శిక్షణ కావాలి. దాని మీద ఖర్చు పెట్టమని మేము గట్టిగా అడుగుతాం.

పుకార్ల సంగతికి వస్తే, దానికి జవాబు మన తెలుగు నేల మీదే దొరికింది. 2018లో తెలంగాణలో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా రెమా రాజేశ్వరి ఉన్నారు. ఊళ్ళలో ఒక మార్పు పోలీసుల కంటపడింది. ఎండాకాలం ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే జనం, పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారు. ఎందుకని ఆరా తీస్తే ఫోన్లలో తిరుగుతున్న పిల్లల దొంగల వీడియోలు బయటపడ్డాయి. ఆవిడ ఎవరి ఫోన్లూ లాక్కోలేదు. కానిస్టేబుళ్ళను ఊళ్ళకు పంపారు. వాళ్ళు గ్రామస్థులతో కూర్చుని ఆ వీడియోలు అబద్ధమని చెప్పారు. డప్పు వేయించారు, జానపద కళాకారులతో పాటలు కట్టి పాడించారు. ఊరి వాట్సాప్‌ గ్రూపుల్లో పోలీసులు తమ పేరుతోనే సభ్యులుగా చేరారు. 400కు పైగా గ్రామాలు. చుట్టూ ఇతర చోట్ల ప్రాణాలు పోతున్న ఆ రోజుల్లో అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

పోలీసులు చాట్‌లోకి వెళ్ళడానికి ఇది ఒక దారి. హైదరాబాదు రోడ్డు మీద చూసింది ఇంకొక దారి. రెండూ ఒకే రాష్ట్రంలో, మూడేళ్ళ తేడాతో జరిగాయి. గద్వాలలో జనానికి పోలీసుల మీద నమ్మకం పెరిగింది. రోడ్డు మీద ఫోన్‌ ఇచ్చిన కుర్రవాడు రేపు నిజంగా ఒక నేరం చూస్తే పోలీసు దగ్గరికి ధైర్యంగా వెళ్తాడా? ఎన్‌క్రిప్షన్‌ విరగ్గొట్టి సంపాదించే సమాచారం కంటే ఆ ధైర్యం నుంచి వచ్చే సమాచారం ఎక్కువని మా నమ్మకం.

మేము కోరేది, మనం చేయవలసింది

ప్రభుత్వాన్ని మేము కోరేది మూడు మాటలు. అందరి తాళానికీ కన్నం పెట్టే నియమాన్ని వదిలేయండి. ఒక మనిషి ఫోన్‌ తెరవాలంటే ఏ కాగితం ఉండాలి, ఎవరు సంతకం చేయాలి, తర్వాత ఎవరు తనిఖీ చేయాలి అన్నది రోడ్డు మీది కానిస్టేబుల్‌కూ, పదో తరగతి పిల్లవాడికీ అర్థమయ్యేలా రాయండి. గద్వాలలో చేసిన పనిని ప్రతి జిల్లాలో చేయండి.

ఇక మన గొళ్ళెం సంగతి. కోర్టులూ ప్రభుత్వాలూ ఏం చేసినా, మన ఫోన్‌ గొళ్ళెం మన చేతిలోనే ఉంది. వాట్సాప్‌లో రెండంచెల పిన్‌ పెట్టుకోండి. చాట్‌ బ్యాకప్‌కు విడిగా ఎన్‌క్రిప్షన్‌ ఉంది, అది మనమే ఆన్‌ చేసుకోవాలి. చాట్‌ తాళంలో ఉండి బ్యాకప్‌ బార్లా తెరిచి ఉంటే సామెత నిజమైనట్టే. స్నేహితురాలు నమ్మి చెప్పిన మాటను స్క్రీన్‌షాట్‌ తీసి పాత స్కూల్‌ గ్రూపులో పెట్టకండి. ఎన్‌క్రిప్షన్‌ను పోలీసులకంటే మనమే ఎక్కువసార్లు విరగ్గొడుతున్నాం, అదీ నవ్వుకోవడానికి. 2018 జులైలో వాట్సాప్‌ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి అయిదుగురికే పరిమితం చేసింది. ఆ అయిదు కూడా నిజమని తెలిసిన తర్వాతే పంపండి. భయపెట్టే సందేశం వస్తే ఇంట్లో పెద్దవాళ్ళకు చూపించండి. ఎవరైనా మిమ్మల్ని చాట్‌లో వేధిస్తే, బెదిరిస్తే, దాన్ని చెరిపేయకుండా అమ్మకో నాన్నకో టీచర్‌కో చెప్పండి. చెప్పడానికి ఎవరూ లేరనిపిస్తే 1098 ఉంది. తాళం మన రహస్యాన్ని కాపాడడానికి ఉంది. మనల్ని బాధపెట్టేవాడి రహస్యాన్ని కాపాడే బాధ్యత మనకు లేదు.

మరి అమ్మానాన్నలు మన ఫోన్‌ చూడవచ్చా? ఈ ప్రశ్న రాకుండా ఉండదు. మన మంచిచెడులకు బాధ్యులు వాళ్ళు, అడిగే హక్కు వాళ్ళకుంది. అయితే మేము పెద్దవాళ్ళను కూడా ఒకటి అడుగుతాం. ఎందుకు చూడాలనుకుంటున్నారో చెప్పి, మా ఎదుటే చూడండి. సుప్రీంకోర్టు ప్రభుత్వానికి చెప్పిన న్యాయమే కొంచెం ఇంట్లోనూ ఉంటే, మేము పెద్దయ్యాక ఆ న్యాయం ఏమిటో మాకు ఎవరూ నేర్పనక్కరలేదు.

మళ్ళీ బదిలీలు వస్తాయి. మనలో కొందరు ఈ మార్చి తర్వాత ఇంకో ఊళ్ళో, ఇంకో భాష మధ్య ఉంటారు. సూరత్‌ స్నేహితులు కూడా అప్పుడు ఫోన్లోకే మారిపోతారు. ఆ మాటలు ఎవరూ వినకుండా ఉంటాయన్న ధైర్యం ఉంటేనే స్నేహం నిలుస్తుంది. తాళం గట్టిగానే ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, గొళ్ళెం సరిచేసుకుందాం.